నల్లబడని చెయ్యి

ఇంగ్లండులో, కాట్స్‌వోల్డ్ కొండల్లో పెల్హాం అయ్యగారి కొత్త ఇల్లు. భోజనాల గది గోడలన్నీ ఓక్ చెక్కే. ఆకులు, పిట్టలు, దానిమ్మలు, అన్నీ మా తమ్ముడు జేబెజ్ ఉలితో తీసినవి. వాటికి రంగు వెయ్యరు. కొట్లో పేర్చి, పళ్ళేల్లో అమ్మోనియా పోసి, తలుపు సందులకు కాగితాలు అంటించి రెండ్రోజులు మూసేస్తారు. ఆ ఘాటుకి ఓక్ దానంతటదే నల్లబడుతుంది.

జేబెజ్ లోపల ఉండగానే మూసేశారు. తెరిచేసరికి పోయాడు.

కాగితాలు అంటించింది అయ్యగారే. చేతిపని గొప్పదని ఉపన్యాసాలిస్తాడు మరి. "తాగి లోపల పడుకున్నాడు, నాకేం తెలుసు" అన్నాడు. మావాడు చుక్క ముట్టడు. అయినా ఊరంతా నమ్మింది. నేను ఆ ఇంట్లో పనిమనిషిని, నోరులేనిదాన్ని. కోపం మింగి పనిలోకి వెళ్ళాను.

ఒక దానిమ్మల చెక్క మీద మాత్రం వాడి చెయ్యి ఆనిన మేర తెల్లగా మిగిలింది. పారెయ్యడానికి మనసొప్పక దాన్నీ గోడకి బిగించారు.

"రుద్దవే హెప్సీ! టీకి జనం వస్తున్నారు" అన్నాడు అయ్యగారు నాతో.

నల్లబడుతుందేమోనని టీ డికాషన్‌తో రుద్దాను. మైనంతో రుద్దాను. రుద్దేకొద్దీ ఇంకా తెల్లబడింది.

నాలుగింటికి వచ్చినవాళ్ళలో ఒకావిడ అక్కడే ఆగింది. "ఇదేమిటండీ?"

"పనివాడి చేతి గుర్తండీ. యంత్రాలకి వస్తుందా ఇది? నాదే!" అయ్యగారు నవ్వుతూ అరచెయ్యి దానిమీద ఆనించాడు.

నాదేనట! నా ఒళ్ళు భగ్గుమంది.

అప్పుడొచ్చింది అమ్మోనియా వాసన. గుర్రాల సాలలో మురిగిన మూత్రం కంపు. మొదట సన్నగా... తర్వాత కళ్ళల్లో సూదులు. అందరూ దగ్గుతూ గుమ్మం అవతలికి పరిగెత్తారు. అయ్యగారు చెయ్యి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు...

"హెప్సీ... తలుపు తియ్యవే..."

తలుపు బార్లా తెరిచే ఉంది.

"తియ్యవే... ఊపిరాడట్లేదు..."

దగ్గరికెళ్ళాను. చెవిలో అడిగాను. "వాడు తలుపు కొట్టలేదూ?"

"కొట్టాడు... విన్నాను... తెరిస్తే ఘాటు పోయి చెక్కంతా మచ్చలు పడుతుందని..."

గుమ్మంలో ఉన్నవాళ్ళందరూ విన్నారు. అప్పుడు చెక్క అయ్యగారి చెయ్యి వదిలింది.

ఆ చెక్కని నేను ఊడదీయించి ఇంటికి తెచ్చుకుంటే ఎవ్వరూ అడ్డు చెప్పలేదు. మంచం పక్కన నిలబెట్టుకున్నాను. కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు.

ఇవాళ పొద్దున తుడుస్తుంటే వాడి చేతి పక్కన ఇంకో చెయ్యి తెల్లగా కనబడింది. నిన్న లేదు. చిన్నది. ఆడదాని చెయ్యి, నా చేతంత.

అంటుకుపోతుందేమోనని నా చెయ్యి ఇంకా ఆనించి చూడలేదు.