ఏడు రాళ్ల దగ్గర ఆగే లారీ

గంగకు లారీ నడిపే అన్న గాసి మీద ఫిర్యాదులు చాలా ఉన్నాయి. వాటిలో పెద్దది, గంటలో దిగాల్సిన అనంతగిరి ఘాట్‌ను రెండు గంటలకు తక్కువ కాకుండా దిగుతాడని. దారిలో అమ్మవారి రాళ్లు ఏడు. ఏడింటి దగ్గరా లారీ ఆగాల్సిందే. అమ్మవారికి చెంబెడు నీళ్లు, కాలిన బ్రేకు డ్రమ్ములకు బకెట్టెడు.

ఘాట్ మొదట్లో టీ కొట్టు నడిపే ఆ చెల్లెలే ఏజెంట్ 41 అని గాసికి తెలియదు.

"టార్గెట్ విశాఖ పోర్టు," అన్నాడు లారీ క్లీనర్ వేషంలో వచ్చిన చీఫ్, టీ ఊదుకుంటూ. "విదేశీ ముఠా. కొరాపుట్ నుంచి అరకు మీదుగా దిగే సరుకు లారీల్లో ఒకదానిలో బాంబు. కోడ్ నేమ్ మిరియం."

"రోజుకు మూడొందల లారీలు సార్!"

"అందుకే ఈవిడ."

ఈవిడ సోని. లాజిస్టిక్స్ కన్సల్టెంట్, డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్. నల్ల కళ్లద్దాలు, బజ్జీల వాసనను సైతం ఓడించిన సెంటు. జీపీఎస్ చార్టు బల్ల మీద పరిచింది.

"ఈ లారీ ఘాట్‌లో ఏడు చోట్ల ఆగుతోంది. ఎందుకు?"

అది గాసి లారీ. ఎందుకో గంగకు తెలుసు. కానీ ఢిల్లీకి వెళ్లే రిపోర్టులో అమ్మవారి రాళ్లని రాయాలా? డిగ్రీ చదివిన చెయ్యి సిగ్గుపడింది. 'కారణం తెలియదు' అని రాసింది. విచారణలో తేలిపోతుందిలే అనుకుంది.

ఆ రాత్రే గాసిని విచారణకు పట్టుకెళ్లారు. పదకొండు రోజులైనా ఏదీ తేలలేదు. తొమ్మిదో రోజు వాళ్లమ్మ యర్రమ్మ పోయింది. "గాసిగాడింకా దిగలేదేటే?" అన్నదే ఆఖరి మాట. కొడుకు లేకుండానే మట్టి వేశారు.

పన్నెండో రోజు మధ్యాహ్నం గాసి లారీయే వచ్చింది, పోర్టు గేట్ పాస్‌తో, సోని కుదిర్చిన కొత్త డ్రైవర్‌తో. కొట్టు ఎదుటి మొదటి రాయి దగ్గర ఆగలేదు. హారనైనా కొట్టలేదు. ఈ కొండల్లో అలా దిగే డ్రైవర్ లేడు. గంగకు అప్పుడర్థమైంది. ఆ లారీ కోసమే గాసిని ఇరికించింది సోని!

స్టవ్ వెనక పిస్టల్, పక్కన బైక్ అందుకుని వెంటపడింది. ఐదో రాయికల్లా లారీ చక్రాల్లో పొగ. ఆరోది దాటాక బ్రేకులు పట్టలేదు. ఏడో రాయి పక్కన మట్టిగుట్టలో లారీ కూరుకుపోయింది. డ్రైవర్ దూకుతూ రిమోట్ నొక్కాడు. కాఫీ బస్తాల మధ్య టైమర్ తొమ్మిది సెకన్లు చూపింది. పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెరతోనే గంగ తీగ తెంపింది. రెండు దగ్గర ఆగింది.

సోని అరకు రైల్లో, అద్దాల బోగీలో దొరికింది.

"మెడల్ ఖాయం," అన్నాడు చీఫ్.

"రిపోర్టులో ఒక్క మాట మార్చాలి సార్."

"ఫైల్ క్లోజైంది గంగా."

సాయంత్రం, విడుదలైన గాసి తల్లిని పూడ్చిన మట్టి దగ్గర కూర్చున్నాడు. చేతిలో ఖాళీ చెంబు.

"నానెందుకాగుతానో పదకొండు దినాలూ సెప్పినానే గుంటా. ఎవులూ నమ్మలేదు. మా సెల్లికి తెలుసు, దాన్నడగండన్నాను."

గంగ అన్న పక్కన కూర్చుంది.

"అడిగినారన్నా. నన్నే అడిగినారు. తెల్దని రాసీసినాను. తప్పు నాదే."