కథ వినడానికి వచ్చినవాడు

ధనుంజయరావు గారికి తన జీవితకథ రాయించుకోవాలన్న దురద వియ్యంకుడి మూలంగా పుట్టింది. కోడలు బుల్లెమ్మ తండ్రి కుర్రతనంలో స్వాతంత్ర్యం కోసమని జైలుకెళ్ళి వచ్చాడు. ఆ జైలు సంగతి మనవలిద్దరికీ ఎక్కాల కంటే బాగా వచ్చు. పొద్దస్తమానం కళ్ళముందు తిరిగే ఈ తాత గురించి చెప్పమంటే మాత్రం "చుట్ట తాగుతాడు" అని ఊరుకునేవాళ్ళు. పొరుగింటి పుల్లకూర రుచి మరి. పోయిన భార్య గురించైతే ఆ చుట్టపాటి ముక్క కూడా పిల్లలకి తెలియదు. రేపు తను పోయినా అంతేగదా అనుకుంటే ఆయనకి అన్నం సహించేది కాదు. లేచేవాడు, కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు.

ముందు తానే రాద్దామని కూర్చున్నాడు. పుట్టిన సంవత్సరం దగ్గరే కలం ఆగిపోయింది, అది ఏ సంవత్సరమో తెలిస్తేగా. బడిపంతులు రామబ్రహ్మాన్ని పిలిస్తే, తను చెప్పిందల్లా ఆ పంతులు గ్రాంథికంలోకి మార్చి చదివాడు. ఎప్పుడో చచ్చిన రాజుగారి సంగతిలా ఉంది. నరసరావుపేటలో షబ్బీర్ కొట్టు నుంచి టేప్ రికార్డర్ తెప్పించాడు. అందులో తన గొంతు తనే విని, "ఇదేంది, ఈ మేక గొంతు నాదా" అని దాన్ని మర్నాడే బస్సులో తిప్పి పంపాడు.

చివరికి అంకయ్య గుర్తొచ్చాడు. కారెంపూడి తిరునాళ్ళలో అంకయ్య పంబ వాయిస్తూ వీరుల కథ చెబుతుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవాళ్ళు. అలా పాటకట్టి చెప్పిస్తే మనవలు ఈ జన్మకి మరవరు.

అంకయ్య వినగానే తల అడ్డంగా ఊపాడు.

"బతికున్నోళ్ళ కథ మా ఇంట్లో చెప్పరయ్యా. కథ చెప్తంటే కథలోవాడు వచ్చి ఇంటాడు. చచ్చినోడైతే ఇని, వచ్చిన చోటికే పోతాడు. మీ కథకి వచ్చినోడు యాడికి పోవాల?"

"నేను అక్కడే కూచుంటా గదా. నేనే ఇంటా," అని నవ్వాడు ధనుంజయరావు.

అంకయ్య గుడిసె ఉన్నది ధనుంజయరావు గారి స్థలంలో. ఆ మాట ఆయన అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

అంకయ్యకి తన సంగతులు చెప్పడం మొదలెట్టాక తెలిసింది, మిరపతోటలూ పంపుసెట్లూ పంచాయతీ తగాదాలూ పాటకి ఆనవని. అందుకని ఆయన కొంచెం ఉప్పూకారం జల్లాడు. ఎత్తిపోతల అడవిలో చిరుతపులిని గొడ్డలితో నరికినట్టు, అది తన ఎడమభుజం చీల్చినట్టు చెప్పాడు. నిజానికి ఆయన చిరుతని చూసింది సర్కస్‌లోనే. అంకయ్య ఎదురు చెప్పకుండా అదీ పాటలో కట్టాడు.

అది ఎనభయ్యారో సంవత్సరం, మాఘమాసం. దీపాలు పెట్టేవేళకి కరెంటు పోయింది. కొడుకు మిరపకాయల లోడుతో గుంటూరు వెళ్ళాడు. వాకిట్లో ఎండబోసిన కాయల ఘాటు గొంతులో గరగరమంటోంది. అరుగు మీద ఒక్క లాంతరు. బుల్లెమ్మ, పిల్లలిద్దరూ చాప మీద కూర్చున్నారు. ధనుంజయరావు పడకకుర్చీలో కాళ్ళు చాపుకుని, మనవల మొహాలే చూస్తున్నాడు. పంబ మోగింది. పిల్లలు కళ్ళార్పకుండా వింటున్నారు. ఆయనకి కడుపు నిండిపోయింది.

కథ ఎత్తిపోతల అడవిలోకి చేరింది.

వీధికుక్క అరుపు మధ్యలో ఆగిపోయింది. మిరప ఘాటు తగ్గి ఇంకేదో వాసన... తడిసిన జంతువు వాసన. దాని వెనక పచ్చినెత్తురు వాసన. గేటు గడియ తీసిన చప్పుడయింది. ఎవరో లోపలికొచ్చి, లాంతరు వెలుగు అందని మూల, నాపరాతి బల్ల మీద కూర్చున్నారు.

"ఎవరమ్మా అది?" అని గుసగుసగా అడిగాడు ధనుంజయరావు.

బుల్లెమ్మ తల తిప్పింది. ఆయన వైపు కాదు. ఆ మూలకి.

"ఏం కావాల మావయ్యా? మంచినీళ్ళు తెచ్చేదా?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ పిలిచాడు. గట్టిగా పిలిచాడు. ఎవరూ ఉలకలేదు. పిల్లలు లేచి ఆ మూలకి పరుగెత్తారు. చిన్నపిల్ల ఆ మనిషి ఒళ్ళో ఎక్కి, ఎడమభుజం తడిమింది.

"ఇదేనా తాతా, చిరుత గీరింది?"

ధనుంజయరావు తూలుతూ అంకయ్య దగ్గరికి వెళ్ళాడు. అంకయ్య మొహమంతా చెమట. చేతులు వాయిస్తూనే ఉన్నాయి. కళ్ళు మాత్రం బల్ల వైపోసారి, ఆయన వైపోసారి తిరుగుతున్నాయి.

"ఆపు అంకయ్యా..."

"సగంలో ఆపితే ఇద్దరూ ఉండిపోతారయ్యా."

"ముగిస్తే?"

"ఒకరు పోతారు."

"ఎవరు?"

అంకయ్య పిల్లలు నవ్వుతున్న వైపు చూశాడు.

ధనుంజయరావు ఆ బల్ల ముందుకెళ్ళి నిలబడ్డాడు. చీకట్లో ఆ మనిషి మొహం చూడ్డానికి ధైర్యం చాల్లేదు. పిల్లని చూస్తూ, చిరుతా లేదు గిరుతా లేదు తల్లీ, అంతా నా కోతలేనని చెప్పాడు. మిరపకాయలమ్ముకుని బతికిన ముసలాణ్ణి, నేనే మీ తాతనని ఏడ్చాడు. పిల్ల కళ్ళు ఆయన మీద ఆగలేదు. ఎవరో అడ్డొచ్చినట్టు పక్కకి కూడా వంగలేదు.

వెనక పంబ గబగబా మోగి... ఆగిపోయింది.

కథ ముగిసింది.

అంకయ్య పంబ చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటాడు. సంభావన కూడా అడగలేదు. మూలనున్న మనిషి లేచాడు. చెరో చేత్తో పిల్లల్ని పట్టుకుని, లాంతరు పట్టిన బుల్లెమ్మ వెనక ఇంట్లోకి నడిచాడు. తలుపు గడియ పడింది.

ధనుంజయరావు తలుపు కొట్టాడు. చప్పుడు తనకే వినపడలేదు. కిటికీ దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకున్నాడు. లోపల కంచాల మోత, పప్పు తాలింపు వాసన. ఆకలి వేయకపోవడం ఆయనకి వింతగా తోచింది.

"తాతా, నాయనమ్మ పేరేంది?" అని పిల్ల అడగడం వినపడింది.

ముద్ద కలుపుతున్న లోపలివాడి చేయి ఆగింది. తర్వాత మెల్లగా, ఎంతో ప్రేమగా అన్నాడు.

"చెన్నమ్మ."

కిటికీ బయట నిలబడ్డ మనిషి ఆ పేరు విన్నాడు. మంచి పేరే అనుకున్నాడు. ఎవరిదో.