ఆ ఎనిమిది జీబీలు ఎవరివి?

"ఈ పనికి నిన్ను పంపకూడదు. కానీ వేరే మనిషి లేడు" అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని పెదనాన్న అంటారు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్‌ను అద్దెబాబు అంటారు. ఊరికో పేరుతో, వీధికో అద్దె గదిలో బతికే మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

పెదనాన్న బ్రీఫింగ్ సూటిగా సాగింది. విదేశీ ముఠా ఒకటి మన జలాంతర్గామి వెళ్ళే దారి మ్యాప్ కాజేసింది. నెట్‌లో పంపితే దొరికిపోతామని, ఒక స్మార్ట్‌ఫోన్‌లో దాచి ఓడలో దేశం దాటిస్తోంది. దాచింది ఫోటోల మధ్యనో ఫైళ్ళ మధ్యనో కాదు, సిస్టమ్ వాడుకునే మెమరీలో. అక్కడ ఎవరూ వెతకరు. మధ్యాహ్నం ఓడ ఎక్కే వ్యాపార బృందంలో ముగ్గురున్నారు. మూడు ఫోన్లు. అందులో ఒకటి దొంగది. అది రేవు దాటిందంటే జలాంతర్గామి మళ్ళీ పైకి తేలదు.

"ఆ జలాంతర్గామిలో వంటవాడు మీ తమ్ముడే" అన్నాడు పెదనాన్న కళ్ళు దించుకుని.

అద్దెబాబు తల ఊపాడు. తమ్ముడితో మాట్లాడి ఏళ్ళయింది. డిపార్ట్‌మెంట్ రూల్ అది. నావాడు అని చెప్పుకోడానికి ఈ లోకంలో అతనికి మిగిలింది ఆ ఒక్కడే.

బృందంలో సంపెంగ కూడా ఉందని, ఆమె మన మనిషేనని, దొంగ ఫోన్ ఏదో ఆమే కోడ్‌లో చెబుతుందని పెదనాన్న అన్నాడు. 'ఇక్కడ గాలాడట్లేదు' అంటే అప్పుడు కౌంటర్ మీదున్నదే అసలు ఫోన్.

సంపెంగ. ఒకప్పుడు ఓ మిషన్ కోసం వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలుగా నటించారు. ఆమెకది డ్యూటీ. అతను చేసిన కాపురం మాత్రం జన్మలో అదొక్కటే.

రేవులో సెక్యూరిటీ కౌంటర్ వెనక అద్దెబాబు అంటించిన మీసంతో, బూడిదరంగు యూనిఫాంలో నిలబడ్డాడు. ల్యాబ్ వాళ్ళిచ్చిన కళ్ళజోడులోంచి చూస్తే గోడ అవతల ఏముందో కనిపిస్తుంది, చేతిలో ఉన్నది మాత్రం కనిపించదు. తీసి జేబులో పెట్టుకున్నాడు.

ముందు బట్టల వ్యాపారి వచ్చి, లాక్ తీసి ఫోన్ ఇచ్చాడు. స్టోరేజ్ పేజీలో సిస్టమ్ వాటా ముప్పై రెండు జీబీలు. వెనకే పచ్చ స్కార్ఫు సవరించుకుంటూ సంపెంగ నిట్టూర్చింది.

"ఇక్కడ గాలాడట్లేదు."

అద్దెబాబు వేలు కౌంటర్ కింద ఉన్న బటన్ మీదకు వెళ్ళింది. నొక్కితే వ్యాపారి అరెస్టు, మిగతా ఇద్దరూ ఓడలోకి. నొక్కబోయి ఆగాడు. సాయంత్రాలు గడవక, ఫోన్ చేయడానికి ఎవరూ లేక, అద్దె గదుల్లో అతను సెట్టింగుల పేజీలే చదువుకునేవాడు. ఎన్ని ఫోన్లు మార్చాడో అన్నిటివీ చదివాడు. ఈ ఫోన్ కంపెనీ సంగతి అతనికి తెలుసు. అసలు సాఫ్ట్‌వేర్ మీద సొంత సోకులు పులుముతుంది. అడగని గేములు కుక్కుతుంది. అప్‌డేట్ చెడిపోతే అక్కరకొస్తుందని సిస్టమ్‌ను రెండు కాపీలు ఉంచుతుంది. ఆ మోడల్ ఎవరు కొన్నా సిస్టమ్ అంతే చోటు తింటుంది. తిండి ఎక్కువైనంత మాత్రాన దొంగ అనడానికి లేదు. వ్యాపారిని పంపించేశాడు.

రెండోవాడు గుమస్తా. అతనిది చవక ఫోన్. చిన్న ఫోన్ల కోసమే కత్తిరించి కుట్టిన సిస్టమ్, తొమ్మిది జీబీలు. అక్కడ దాచడానికి చోటే లేదు.

మరి సంపెంగ ఎందుకలా అంది? జవాబు తట్టగానే అద్దెబాబు ఆమె వైపు చెయ్యి చాచాడు.

"నిన్ననే కొన్నాను" అంటూ ఆమె ఫోన్ అందించింది. ఒక్క ఫోటో లేదు, ఒక్క మెసేజ్ లేదు. సిస్టమ్ ఇరవై మూడు. అతను తన ఫోన్ తీసి పక్కన పెట్టాడు. అదే మోడల్, అదే వెర్షన్. పదిహేను.

ఏడాదిపాటు వాడిన ఫోన్‌లో ఆ తేడా ఉంటే అతను పట్టించుకునేవాడు కాదు. వాడేకొద్దీ పాత అప్‌డేట్ల తుక్కు, యాప్‌ల చెత్త చేరి సిస్టమ్ కొవ్వెక్కుతుంది. కానీ గూఢచారులకు ఒక రోగం ఉంది, ఏ జాడా మిగల్చకుండా తుడిచేయడం. సంపెంగ తన బతుకంతా తుడిచేసింది, ఆ బరువుకి సాకు కూడా దాంతోపాటే పోయింది.

ఓడ కూత వేసింది. ఓడ మెట్ల మీద ముఠా మనిషి ఆమె కోసం చెయ్యి చాచి నిలబడ్డాడు.

"నీకూ ఎవరూ లేరు, నాకూ ఎవరూ లేరు" అన్నాడు అద్దెబాబు మెల్లగా. "మరి ఆ ఎనిమిది జీబీలు ఎవరివి?"

సంపెంగ నవ్వింది. ఆ నవ్వులోనే ఫోన్ లాక్కుని మెట్ల వైపు విసిరింది. అతను కౌంటర్ మీదుగా దూకాడు. అవతలి వేళ్ళకు తగలబోతున్న ఫోన్‌ను అందుకుని నేలమీద బోర్లా పడ్డాడు. మీసం ఊడింది. గార్డులు మెట్ల మీదివాణ్ణి, ఆమెను పట్టుకున్నారు.

"నువ్వేం మారలేదు. నీ ఫోన్‌లో ఇప్పటికీ ఎవరూ లేరు" అంది ఆమె.

"ఉంటే ఇవాళ నువ్వు వెళ్ళిపోయేదానివి" అన్నాడతను. తన ఫోన్‌లో ఉండాల్సిన మనిషి ఆమేనని మాత్రం చెప్పలేదు.

వారం తర్వాత జలాంతర్గామి క్షేమంగా రేవు చేరింది. పెదనాన్న ఒక్క కాల్‌కి పర్మిషన్ ఇచ్చాడు. అద్దెబాబు తమ్ముడి నంబరు కొట్టాడు. ఏం మాట్లాడాలో అనుకున్నవన్నీ మర్చిపోయి, "హలో... బాగున్నారా అండీ?" అన్నాడు.

"లోన్లూ గీన్లూ ఏం వద్దండీ" అని తమ్ముడు కాల్ కట్ చేశాడు.

అద్దెబాబు ఫోన్ పక్కన పెట్టి, రిపోర్టులో చివరి వాక్యం రాశాడు: సిబ్బంది ఆరోగ్యం బాగుంది, అప్పులు కూడా ఉన్నట్టు లేవు.