మూడో హెడ్‌సెట్

"ఆ ఇయర్‌ఫోన్ తీసి గూట్లె ఎందుకు పెట్టినవే?" పోపు గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి వచ్చింది విమలమ్మ.

"చెవి నొస్తున్నది," అంది సాయిలత.

"నొయ్యని. కామారెడ్డిల అభిలాష్ కలుస్తడు. పెట్టుకొని పో."

"డ్యూటీ లేని దినం గూడ పెట్టుకుంటె పిచ్చిదనుకుంటడమ్మా."

"అనుకోని. చెవిటిదనుకునుడు కన్న నయమే గద."

ఆరేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో సాయిలత ఎడమ చెవి పోయింది. ఎల్లారెడ్డిలో ఇంట్లోనే కూర్చుని ఒక ఆసుపత్రికి వచ్చే ఫోన్లు తీసుకునే ఉద్యోగం దొరికాక విమలమ్మకు ఉపాయం తోచింది. వినపడని చెవిలో వైరు వేలాడుతుంటే, పిలిచినా పలకని పిల్లను పనిలో ఉందనుకుంటారు. పెళ్ళిచూపులు కూడా అలాగే గట్టెక్కాయి. ఆదివారం తాడ్వాయి నుంచి అభిలాష్ వాళ్ళు పూలుపండ్లు తెస్తున్నారు. ఆ తర్వాత మాట ఖాయమైనట్టే.

సాయిలత ఇయర్‌ఫోన్ పెట్టుకుని, అన్న నరేందర్‌తో బస్సెక్కింది.

కామారెడ్డి బస్టాండులో అభిలాష్ ఎదురొచ్చాడు. ఆ వైరు చూసి నవ్వాడు.

"దీని పీడ ఇయ్యాలటితోని పోతది. వైర్‌లెస్‌ది కొనిస్త."

సెల్‌ఫోన్ సామాను అమ్మే అబ్రాహాము దుకాణంలో అభిలాష్ ఒక్కో హెడ్‌సెట్ తీసి మెత్త నొక్కి చూశాడు, బరువు చూశాడు. "దినమంత పెట్టుకోవాలన్నా. తల పట్టెయ్యొద్దు, చెవికి చెమట పట్టొద్దు."

"నీకా, ఆమెకా?" అన్నాడు అబ్రాహాము.

"ఆమెకే. నా సొద వినవలసినయి ఆ చెవులే గద."

సాయిలత నవ్వబోయి తల దించుకుంది.

అబ్రాహాము హెడ్‌సెట్ ఆమె తలకు పెట్టించి ఫోన్‌లో టెస్ట్ శబ్దం పెట్టాడు. "ఏ దిక్కు వినవడితె ఆ చెయ్యి లేపమ్మా."

కుడి చెయ్యి లేచింది. ఎడమ చెయ్యి లేవలేదు.

"ఒక దిక్కు పోయినట్టుంది," అని పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. అదీ అంతే. నరేందర్ రోడ్డు మీది ఆటోలను చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి ఎడమ దిక్కు శబ్దం పెట్టడానికి అబ్రాహాము బొటనవేలు ఫోన్ మీద ఎప్పుడు కదిలిందో సాయిలతకు కనపడింది. ఎడమ చెయ్యి సగం దాకా లేపింది. మళ్ళీ దించేసింది.

"మూడింటికి మూడు ఖరాబేనా?" అబ్రాహాము డీలరుకు ఫోన్ కలిపాడు. "ఏందన్నా, గిసొంటి మాల్ పంపినవు? డబ్బా మొత్తం వాపస్ చేస్తున్న."

అవతలి మనిషి ఏదో బతిమాలుకుంటున్నాడు.

"అన్నా, పీసు మంచిదే," అంది సాయిలత. "పోయింది నా చెవి."

అబ్రాహాము ఫోన్ పెట్టేశాడు. బయట తుంపర మొదలైంది.

"ఎప్పటి సంది?" అన్నాడు అభిలాష్.

"చిన్నప్పటి సంది."

అతను మూడో హెడ్‌సెట్‌ను డబ్బాలో సర్ది మూత పెట్టాడు. అబ్రాహామును అడిగాడు. "చెవి మూసేది వద్దన్నా. బయట ఆనుకొని ఉండేది చూపియ్యి. వినవడే ఒక్క చెవి మూస్తె, ఇంట్ల పిలిస్తె ఎట్ల వినవడుతది?"

అది పెట్టుకుంటే ఫోన్ మాటా వినపడింది, వాన చప్పుడూ వినపడింది.

"నొస్తున్నదా?" అన్నాడు అభిలాష్.

"లేదు."

"నేను గూడ ఎల్లారెడ్డికి వస్త. మీ బాపుతోని మాట్లాడాలె."

సాయిలత, వద్దని ముఖం మీదే చెప్పి పోవడానికి వస్తున్నాడనుకుంది.

బస్సులో నరేందర్ ముందు సీటుకు పోయాడు. అభిలాష్ ఆమెకు ఎడమవైపు కూర్చుని ఏదో అడిగాడు. ఆమె కిటికీలోంచి వరి మళ్ళను చూస్తూనే ఉంది. అతను లేచి, ఆమెను జరగమని సైగ చేసి, కుడివైపుకు వచ్చాడు.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్తె పోతవని."

"నన్ను గంతే అనుకున్నవా?"

ఆమె పాత ఇయర్‌ఫోన్ వైరు చుట్టి సంచిలో పెట్టింది. అతను మళ్ళీ అడగలేదు. లేచి పోనూ లేదు.

ఇంట్లో విమలమ్మ కొత్త హెడ్‌సెట్ చూసి మురిసిపోయింది. కాబోయే అల్లుణ్ణి తినకుండా పంపనంది. సాయిలత తండ్రి గంగారాం పక్కనే పీట వేసి, పప్పు వడ్డించింది.

"మామా, ఒక మాట," అన్నాడు అభిలాష్.

"నేను చెప్త," అంది సాయిలత. నీళ్ళ చెంబు కింద పెట్టింది. "బాపూ, ఈయనకు చెవి సంగతి చెప్పిన. రేపు తాడ్వాయి పోయి వాళ్ళమ్మకు గూడ చెప్త. ఆమె వద్దంటె ఆదివారం ఎవ్వరు రావద్దు."

విమలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "సంబంధం పోతదే, పిల్లా."

"పోతె పోనీ అమ్మా. ఆ ఇంట్ల గూడ వైరు పెట్టుకొని ఎన్నేండ్లు తిరగాలె?"

గంగారాం కలిపిన ముద్ద కంచంలోనే వదిలి అభిలాష్ వైపు చూశాడు. "నువ్వేమంటవు, బిడ్డా?"

"నేను అడగనీకి వచ్చింది గూడ గదే మామా. దాచిపెట్టి చేసే పెండ్లి నాకు వద్దు. చెప్పేది ఆమె పని. మా అమ్మ కాదంటె, ఒప్పిచ్చుకునేది నా పని."

సాయిలత తల ఎత్తి అతన్ని చూసింది. ఈసారి దించుకోలేదు.

గంగారాం వదిలిన ముద్ద మళ్ళీ అందుకున్నాడు. తర్వాత భార్యతో, "అల్లునికి ఇంత కూర వెయ్యి," అన్నాడు. "రేపు పొద్దుగాల బస్సుకు తాడ్వాయి పోతున్నం. పిల్లొక్కతే కాదు. నువ్వు, నేను గూడ."