పడవలో బాపు గది ఏది

కాస్త దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, నలుగురిలో గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. ఖతర్‌లో ఉండే స్వర్ణ అనే పిల్ల కథ. చెడ్డపిల్ల కాదు. ముందే చెబుతున్నా, విన్నాక దాన్ని తిట్టకు.

ఆ శుక్రవారం పొద్దున అల్ అజీజియాలోని వాళ్ళింట్లో ఉప్మా ఉడుకుతోంది. స్వర్ణకు లుసైల్‌లో మంచి ఉద్యోగం. మొగుడు సిద్ధార్థ్ బందరు పిల్లవాడు, ఇంజినీరు, సముద్రమంటే పిచ్చి. పాత పడవ ఒకటి కొందామని బల్ల మీద రెండు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. రెండూ ముప్పై ఏళ్ళ నాటి ట్రాలర్ యాట్‌ల పటాలు. చేపల ట్రాలరులా గట్టిగా ఉండి, నిదానంగా నడిచే విహార పడవలన్న మాట. సెలవు రోజున అందులోనే వండుకుని అందులోనే పడుకోవచ్చు.

"ఇటు చూడు స్వర్ణా. తెల్ల పడవలో నడిమధ్య పెద్ద గది, పడవంత వెడల్పు. ముందు కొనలో చుట్టాలకొకటి. వెనకాల ఇంజను పక్కన చిన్న గూడు, అది పనివాళ్ళకట. నీలం పడవలో ముందొకటి, వెనకొకటి, రెండూ సమానమే. ఏది బాగుంది?"

"తెల్లదే," అంది స్వర్ణ.

"మావయ్య గారు కూడా వస్తే ఎక్కడ పడుకుంటారు?"

స్వర్ణ గ్లాసు కడగడానికి లేచింది.

ఆ మావయ్య గారు వంటింట్లో ఉప్మా కలుపుతున్నాడు. స్వర్ణ తండ్రి, పేరు ముత్యం, ఊరు ఆర్మూరు దగ్గర పల్లె. ఇరవై నాలుగేళ్ళు ఈ దేశంలోనే షట్టరింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించే పని చేశాడు. బిర్కత్ అల్ అవామిర్‌లోని కూలీల క్యాంప్‌లో, ఆరుగురిలో ఒకడిగా ఒక్క గదిలో సర్దుకుని, కూతుర్ని పెద్ద చదువులు చదివించాడు. కంపెనీ పని అయిపోయాక ఊరికి వెళ్ళి, ఇప్పుడు మళ్ళీ విజిట్ వీసా మీద వచ్చాడు. కూతురి దగ్గర కొన్నాళ్ళుండి ఊరికి పోదామని ఆశ.

"పడవలు చూడ్డానికి మీరూ రండి మావయ్య గారూ, చెక్కపని మీకు తెలిసినంత మాకు తెలీదు," అన్నాడు సిద్ధార్థ్. ముత్యం మురిసిపోయి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

పడవల రేవు దగ్గర వాళ్ళిద్దర్నీ దింపి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ సిద్ధార్థ్ వెళ్ళాడు. అక్కడ పాత పడవలు అమ్మిపెట్టే ఇక్రాముద్దీన్ ఎదురొచ్చాడు. హైదరాబాదీ, మాటకారి. అతని పక్కన ఎవరున్నారనుకున్నావు? ఇంద్రజ. స్వర్ణ ఆఫీసులో పై అధికారి. ఆవిడా సరదాగా పడవలు చూడ్డానికి వచ్చింది. మా నాన్నగారు ఊళ్ళో కాంట్రాక్టరు అని స్వర్ణ ఆవిడతో ఏనాడో చెప్పి ఉంది.

"ఈయనెవరు స్వర్ణా?" అని అడిగింది ఇంద్రజ.

స్వర్ణ చూపు తండ్రి చేతుల మీద పడింది. సిమెంటుకు పగిలి, మేకులకు గోళ్ళు నల్లబడిన చేతులు.

"మా మనిషి," అంది.

చూశావా ఆ మాట. మా మనిషి అంటే సొంతవాడూ కావచ్చు, ఇంట్లో చాకిరీ చేసేవాడూ కావచ్చు. ఎటు లాగితే అటు సాగుతుంది. స్వర్ణ ఆ మాటను నడిమధ్యలో వదిలేసి ఊరుకుంది. ఇంద్రజ తనకు తోచిన వైపు లాక్కుంది.

"నమ్మకస్తుడిలా ఉన్నాడు. ఎక్కడ దొరికాడు?" అంటూ తన బ్యాగ్ ముత్యం చేతికిచ్చి, పడవ ఎక్కడానికి చెప్పులు విప్పింది.

ముత్యం కూతురి మొహంలోకి ఒక్కసారి చూశాడు. బ్యాగ్ పట్టుకున్నాడు. ఆడవాళ్ళిద్దరి చెప్పులూ వరసగా పక్కకు పెట్టాడు.

తెల్ల పడవలో పెద్ద గది చూపించి, ఇక్రాముద్దీన్ వెనకాల పనివాళ్ళ గూటి మూత ఎత్తాడు. కిందికి నిచ్చెన, ఒక్క మంచం, కిటికీ లేదు. "ఇది మీ మనిషికి మేడమ్. చాచా, జర దిగి పండుకొని చూడు."

వద్దని చెప్పడానికి స్వర్ణకు నోరు ఉంది. తెరవలేదు. ముత్యం దిగాడు. మోకాళ్ళు ముడుచుకుని పడుకుని, కింది నుంచి పలికాడు.

"కాళ్ళు ముడుసుకుంటె సరిపోతది మేడమ్."

మేడమ్. కన్నకూతుర్ని.

అప్పుడే సిద్ధార్థ్ పడవెక్కాడు. "మావయ్య గారూ, అక్కడేం చేస్తున్నారు?"

ఇక్రాముద్దీన్ మూత పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. ఇంద్రజ స్వర్ణ వైపు చూసి, ముత్యం పక్కన పెట్టిన తన బ్యాగ్ మెల్లగా తీసుకుంది. ముత్యమే తేరుకుని, "ఏం లేదు అల్లుడా, ఇంజను వేడి ఎంతొస్తదో చూస్తన్న," అని పైకొచ్చాడు.

ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నీలం పడవ కూడా చూశారు. ఇంటికొచ్చాక సిద్ధార్థ్ మళ్ళీ పటాలు పరిచాడు. "మావయ్య గారూ, మీరు చెప్పండి."

"నీలందే మంచిది," అన్నాడు ముత్యం. "తెల్లదాంట్ల పొయ్యికాడికి పోవాలన్నా, స్నానానికి పోవాలన్నా నిచ్చెన ఎక్కి దిగాలె. నీలందాంట్ల పండుకున్నోన్ని దాటకుంట పోవచ్చు. ఆరుగురం ఒక్క అర్రల ఉన్నోళ్ళం, మాకెర్క. మనిషికి గాలి, కాలు సాపుకునే జాగ, లేస్తె తలకాయకు తాకని కప్పు. గంతే."

"ఇది క్యాంప్ కాదు బాపూ," అని స్వర్ణ కసిరింది.

ముత్యం నెమ్మదిగా కాగితం మడిచాడు. "అవును బిడ్డా. అల్లుడా, నా టికెట్ జర ముందుకు జరుపు. ఎల్లుండి దొరికితె ఎల్లుండే పోత. మీ అత్త ఒక్కతే ఉన్నది."

"ఇప్పుడెందుకు వెళ్ళడం? అసలు పడవ మీద ఏం జరిగింది?" సిద్ధార్థ్ భార్య వైపు తిరిగాడు.

"ఏం జరగలే," అన్నాడు ముత్యం. "ఆ పడవల సాబే నన్ను పనోన్ననుకున్నడు. బిడ్డ తప్పేం లేదు."

తండ్రి అబద్ధం ఆడి కాపాడుతుంటే ఇక ఊరుకోలేకపోయింది స్వర్ణ.

"నా తప్పే. బాపు అని చెప్పలేదు. మా మనిషి అన్నాను," అంది.

"పోనియ్ బిడ్డా. క్యాంప్‌ల ఉన్ననాడు నీ ఇంటికి శుక్రవారాలు వచ్చినప్పుడు కింద వాచ్‌మన్‌కు నేనే ఏసీ మేస్త్రినని చెప్పుకున్న. నీకు మాట రావద్దని."

"నాకు ఎర్కే బాపూ." ఇన్నేళ్ళు దాచుకున్న ఊరి మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది. "వాచ్‌మన్ నన్నడిగిండు. అవునన్న."

ముత్యం చొక్కా కొస నలుపుతూ కూర్చున్నాడు.

"గూట్ల పండుకునుడు నాకు కొత్త గాదు," అన్నాడు చివరికి. "గని నిన్ను మేడమ్ అన్న. వద్దంటవేమో అని సూసిన. అనకపోతివి. గదొక్కటే మనసుల పట్టలే."

స్వర్ణ కుర్చీలోంచి జారి ఆయన పాదాల దగ్గర కూలబడింది. తన తల మీద ఆ పగిలిన చెయ్యి పడేదాకా ఏడ్చింది. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, తండ్రి ఎదుటే ఇంద్రజకు ఫోన్ చేసింది.

"మేడమ్, పొద్దున మీరు చూసింది మా నాన్నని. కాంట్రాక్టరు కాదు. షట్టరింగ్ కార్పెంటర్. ఇక్కడే ఇరవై నాలుగేళ్ళు చేశాడు."

"ఆయన చేతికి నా బ్యాగ్ ఇచ్చాను స్వర్ణా. నన్నెందుకట్లా చెయ్యనిచ్చావు?" అని ఇంద్రజ ఫోన్ పెట్టేసింది. ఆ మాట స్వర్ణకు ఈనాటికీ గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

ఎండ తగ్గకముందే ముగ్గురూ మళ్ళీ రేవుకు వెళ్ళారు. ఇక్రాముద్దీన్ దూరం నుంచే ఎదురొచ్చి ముత్యం రెండు చేతులూ పట్టుకుని, "చాచా, మాఫ్ కరో," అన్నాడు. "అరె భాయ్, నీదేం తప్పు," అని ముత్యం అతని భుజం తట్టాడు. నీలం పడవ వెనక గదిలో చెక్కలు తట్టి చూశాడు, తలుపులు వేసి తీశాడు. చివరికి నడుం వాల్చి కాళ్ళు బారజాపాడు. కిటికీలోంచి గాలి కొట్టింది. పొద్దుటి నుంచి అలిసిన మనిషి, అట్లాగే కన్ను మూతపడింది.

"మేడమ్, అవతల ఇంకో పార్టీ చూడ్డానికి వచ్చింది," అన్నాడు ఇక్రాముద్దీన్ తలుపు దగ్గర నుంచి.

స్వర్ణ మంచం చివర కూర్చుని ఉంది. వేలు పెదవి మీద పెట్టుకుంది.

"ఆగుమను అన్నా," అంది. "మా బాపు పండుకున్నడు."

అదీ సంగతి. ఇది నీ కడుపులో దాచుకో తల్లీ. రేపు నీ పిల్లలు ఎవరి ముందైనా నిన్నో, మీ నాన్ననో పేరు మార్చి చెబితే, వాళ్ళను కొట్టకు. కూర్చోబెట్టి స్వర్ణ కథ చెప్పు, ఒక్క మాట కూడా తగ్గించకుండా.