మోగని అలర్ట్

రజితకు అనుమానం ఎక్కువ. క్యాబ్ ఎక్కితే డ్రైవర్ ఏ దారిన పోతున్నాడో ఫోన్‌లో చూసుకుంటుంది. క్యాంటీన్‌లో పెరుగు వాసన చూడనిదే వేసుకోదు. అలాంటి మనిషి ఎదురు సీటులోని రాకేశ్‌ను అనుమానించడంలో వింతేమీ లేదు. అతను చూడటానికి బాగుంటాడు. అది కూడా ఆమెకు అనుమానంగానే ఉండేది.

గచ్చిబౌలిలోని వాళ్ల ఆఫీసులో సాఫ్ట్‌వేర్ అంతా కంటైనర్లనే చిన్న చిన్న విడి భాగాలుగా సర్వర్ మీద నడుస్తుంది. వాటి మీద కన్నేసి ఉంచి, ఏదైనా పడిపోతుంటే ఫోన్‌కు అలర్ట్ పంపే టూల్ ఒకటి రజిత తమ సర్వర్ మీదే సొంతంగా పెట్టింది. మేనేజర్ నరేందర్ సరేనన్నాడు గాని ఒక మెలిక పెట్టాడు. శుక్రవారంలోగా అది ఒక్క లోపమైనా పట్టుకోవాలి. లేకపోతే బయటి కంపెనీ టూల్ కొంటారు, రజితను వేరే టీమ్‌కు పంపుతారు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు అడ్డం పడతారని ఆమె నమ్మకం.

నిజానికి లోపం కోసం వెతకాల్సిన పనే లేదు. రిపోర్టులు తయారుచేసే కంటైనర్ రోజూ లంచ్ వేళకు మెమరీ నిండి పడిపోయేది. టూల్ పెట్టిన నాటి నుంచి మాత్రం బుద్ధిగా ఉంటోంది. స్క్రీన్ మీద మెమరీ వాడకం చూపే గీత పైపైకి ఎక్కుతుంది, అలర్ట్ మోగేలోపే కిందికి దిగిపోతుంది. ఎవరో కావాలని ముందే రీస్టార్ట్ చేసి మెమరీ ఖాళీ చేస్తున్నారు.

రాకేశ్ ఈమధ్య లంచ్‌కు అందరికంటే ఆలస్యంగా వస్తున్నాడు. వచ్చి ఆమె బాక్సు వైపు చూసి నవ్వుకుంటున్నాడు. పైగా బయటి కంపెనీ వాళ్లతో లిఫ్టు దగ్గర మాట్లాడుతూ కనిపించాడు. ఇంకేం కావాలి? రజిత తీర్పు ఇచ్చేసుకుంది. ఆ నవ్వు తనకు నచ్చినందుకు తనమీదే కోపం తెచ్చుకుంది.

గురువారం లంచ్‌కు వెళ్లినట్టే వెళ్లి, వెనక్కి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. బయట వాన. రాకేశ్ స్క్రీన్ మీది ఆ మెమరీ గీతనే చూస్తూ కూర్చున్నాడు. అది బాగా ఎక్కగానే రీస్టార్ట్ కొట్టాడు.

"ఎంత ఇస్తమన్నరు ఆ కంపెనీ వాళ్లు?"

రాకేశ్ ఉలిక్కిపడి తిరిగాడు. వాళ్లు కాన్ఫరెన్స్ రూమ్ ఎక్కడని అడిగితే చూపించానని, అంతకుమించి ఏమీ లేదని చెప్పుకున్నాడు.

"మరి ఇదేంది?"

అతను నేల చూపులు చూశాడు. "అది పడితే నువ్వు అన్నం ఇడిసిపెట్టి ఉరుకుతవ్. ఒక్కనాడు కూడ కడుపునిండ తినంగ చూడలే. జర తిననీ అని గిట్ల చేసిన."

రజితకు కోపం, సంతోషం ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. గడువు సంగతి, టీమ్ మార్పు సంగతి కక్కేసింది. రాకేశ్ మొహం పాలిపోయింది. రేపు దాన్ని ముట్టుకోనని మాట ఇచ్చాడు.

రజిత నమ్మలేదు. శుక్రవారం క్యాంటీన్‌లో అతన్ని పక్కనే కూర్చోబెట్టుకుని, అతని ల్యాప్‌టాప్ తన సంచిలో పెట్టుకుంది. నరేందర్ ఎదురుగా తింటున్నాడు. రెండు ముద్దలు తిన్నదో లేదో ఆమె ఫోన్ మోగింది. వెంటనే రాకేశ్ ఫోన్ కూడా మోగింది.

రజిత అలర్ట్ చూపించింది. నరేందర్ చూసి తల ఊపాడు. మరి ఇన్ని రోజులూ ఎందుకు మోగలేదని అడిగాడు. ఆమె ఏదో సాకు చెప్పబోయింది.

"నేనే మోగనియ్యలే సార్," అన్నాడు రాకేశ్. "రజిత అన్నం తినాలని."

నరేందర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెప్పకుండా ఇంకోసారి ఏదైనా ముట్టుకుంటే ఊరుకోనని రాకేశ్‌ను హెచ్చరించాడు. టూల్ ఉంచమని రజితకు చెప్పి, ప్లేటు తీసుకుని వేరే టేబుల్‌కు వెళ్లిపోయాడు.

రాకేశ్ ఇంకా తన ఫోన్ వైపే చూస్తున్నాడు. "దీంట్ల నా నంబర్ ఎప్పుడు పెట్టినవ్?"

"పొద్దున. ఇగ నాకు ఏ పరేషానొచ్చినా నీకు కూడ తెలుస్తది. నాకు చెప్పకుండ మాత్రం ఏం చేయకు."

"కంటైనర్ల సంగతేనా?"

రజిత అతని మొహంలోకి అనుమానంగా చూసింది. ఎంత వెతికినా దాపరికం ఏమీ దొరకలేదు.

"అన్నిటి సంగతి," అంది.