నాలుగో ప్రెస్సు, రెండో దెబ్బ

ఆ కార్ఖానాలో రాత్రి షిఫ్టువాళ్లు నాలుగో ప్రెస్సు వైపు కన్నెత్తి చూసేవారు కాదు. పగలంతా బుద్ధిగా పనిచేసే యంత్రం, చీకటిపడితే దానంతటదే కొట్టేదట. ఒకటి కాదు, రెండు కాదు... ఆగకుండా.

ఇనుపరేకులు వంచే ప్రెస్సు అది. పక్కనున్న కంప్యూటర్ తెరమీద బటన్ నొక్కితే టన్నుల బరువు దిగుతుంది. నేను బీఎస్సీ చదివేటప్పుడు కంప్యూటరంటే గదంత ఉంటుందని వినడమే. చూపిస్తానన్న లెక్చరర్ కాస్తా రిటైరైపోయాడు... సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఆ తెరమీది ప్రోగ్రాం రాసింది మా మేనల్లుడే. ఇదంతా వాడు చెప్పిందే.

ఏడాది క్రితం, ఒక రాత్రి... ఆ ప్రెస్సు నడిపే మేస్త్రీ బటన్ నొక్కాడు. దెబ్బ పడింది, బరువు లేచింది. రేకు తీయడానికి అతని తమ్ముడు లోపలికి వంగాడు. తెరిచి ఉంటే ప్రెస్సు పడకుండా ఆపే అడ్డుతలుపును, పని త్వరగా సాగాలని, ఎప్పుడో తీగతో కట్టేశారు.

రెండో దెబ్బ పడింది. చేతులు మోచేతుల దాకా నుజ్జయ్యాయి. అరుపు పూర్తికాకముందే మూడోది — తలమీద. అయినా ఆగలేదు. ధన్... ధన్... మేస్త్రీ కాళ్లు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. చివరికి చేతికొచ్చింది సగం మనిషే.

"ఒక్కసారే నొక్కాను," అన్నాడు. ఎవరూ నమ్మలేదు. కన్నతల్లే, "తమ్ముణ్ణి చంపినవాడితో నాకు మాటలేమిటి?" అని తలుపేసుకుంది.

ఆ తర్వాతే దెయ్యం మాట పుట్టింది.

"దెయ్యమో ప్రోగ్రామో తేల్చుకురా," అని యజమాని మావాణ్ణి పంపాడు. రాత్రి అక్కడున్నది వాడూ, మేస్త్రీ.

"నొక్కు అన్నా," అన్నాడు మావాడు.

ధన్. బరువు లేచింది. నిశ్శబ్దం... ధన్. ధన్. మావాడు పదకొండు లెక్కపెట్టాడు.

"తమ్ముడే," గుసగుసలాడాడు మేస్త్రీ. "వాడికింకా కోపం పోలేదు."

మావాడు కంప్యూటర్ మెమరీ తెరిచి చూశాడు.

అంత పెద్ద ప్రోగ్రాం ఒకేసారి లోడవదు. ఏ స్క్రీను కావాలంటే దాని ముక్క, అంటే మాడ్యూలే వస్తుంది, మూయగానే మెమరీలోంచి పోవాలి. మా ఇంటికొచ్చే చుట్టాలు వెళ్తామంటూనే గుమ్మంలో గంటసేపు నిలబడతారు చూడండి, అలాగే ఈ మాడ్యూళ్లూ పోలేదు. మూసిన ప్రతి ప్రెస్సు స్క్రీనూ కనబడకుండా లోపలే ఉండి, బటన్ నొక్కితే వింటోంది. విన్న ప్రతిదీ ఒక్కో దెబ్బ వేయిస్తోంది. పగలు ఆ ఒక్క స్క్రీనే తెరిచి ఉంచుతారు. రాత్రి తెర దగ్గరుండే ఒక్క మనిషే స్టాకూ, కొలతలూ, ప్రెస్సూ తిప్పితిప్పి చూడాలి; ప్రెస్సు స్క్రీను మూసిన ప్రతిసారీ లోపల ఇంకొకటి పోగవుతుంది. పొద్దున కంప్యూటర్ ఆపగానే అన్నీ మాయం.

మావాడు ఏడాది క్రితం ఆ రాత్రి రికార్డు తీశాడు. బటన్ నొక్కింది: ఒకటి. దెబ్బలు: తొమ్మిది.

మేస్త్రీ తెరమీద వేలుపెట్టి చదివాడు.

"ఒక్కసారే నొక్కానా?"

"అవునన్నా."

"మరి మిగతా ఎనిమిదీ ఎవరివి?"

"...నావి. మూశాక వాటిని వదిలించడం మరిచిపోయాను."

మేస్త్రీ వాడి జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ముక్కు ఇనుముకు కొట్టుకుని పగిలింది. తల ప్రెస్సు కింద పెట్టి అదిమాడు. రెండో చెయ్యి బటన్ మీదికి పోయింది.

"ఎన్నిసార్లు పడుతుంది?"

"ప... పదకొండు."

"మొదటిదే చాల్లే నీకు."

రక్తం రేకుమీద చుక్కలు చుక్కలుగా... వేలు బటన్‌ను తాకింది, నొక్కలేదు.

చివరికి వదిలేశాడు. "లే. మా అమ్మకి చెప్పు, నీ నోటితో. దానికి నోరుండాలిగా!"

మావాడు కంప్యూటర్ ఆపాడు. మేస్త్రీ మెయిన్ స్విచ్ దించాడు. షెడ్డంతా కటిక చీకటి. ఇద్దరూ గేటు దాకా వచ్చారో లేదో — వెనక...

ధన్.

కదలకుండా నిలబడ్డారు. రెండోది పడలేదు.

"లెక్కపెట్టావా అబ్బాయ్?"

"ఒక్కటే... అన్నా, కరెంటు లేదు కదా?"

ఏడాది తర్వాత మొదటిసారి మేస్త్రీ ఏడ్చాడట.

"ఒక్కటే. నేను ఒక్కసారే నొక్కానని వాడికి తెలుసు."